ఖాళీగా వదలనివ్వని గడి

లాన్సెస్టన్‌లో, టాస్మానియా ఉత్తరాన,
మా బడి ఆఫీసు కిటికీ దగ్గర
పందొమ్మిదేళ్ళుగా పేర్లు ఎక్కిస్తున్నాను.
పేరు, ఇంటిపేరు, పడని తిండి, ఎవరికి ఫోన్ చెయ్యాలి.
పుట్టిన తేదీ గడి ఖాళీగా వదిలితే
కంప్యూటరు మొరాయిస్తుంది.

సెనాయిత్, జనవరి ఒకటి.
జుమాఖాన్, జనవరి ఒకటి.
వాడి తమ్ముడూ, చెల్లెలూ జనవరి ఒకటే,
సంవత్సరాలే వేరు.
పదకొండో పిల్లకి అదే తేదీ కొడుతూ
నవ్వాను కూడా, నిజం చెప్పాలి.
ఆ ఊళ్ళలో అందరికీ డిసెంబరు ఆఖరి రాత్రే నొప్పులొస్తాయా అని
పక్క కుర్చీతో అన్నాను.

పక్క కుర్చీలో ఉన్నది దంబరీ గారు,
పిల్లలకి నేపాలీలో లెక్కలు విప్పి చెప్పే మనిషి.
ఆవిడ సంచిలోంచి తన లైసెన్సు తీసి
బల్ల మీద పెట్టింది.
జనవరి ఒకటి.
ఇంకేం అనలేదు. టీ తాగేసి క్లాసుకి వెళ్ళిపోయింది.

మూడో తరగతి గోడ మీద పన్నెండు కాగితం బెలూన్లు.
జనవరి బెలూన్లో పేర్లు పట్టక
ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి,
కిక్కిరిసిన బస్సులో ఒళ్ళో పిల్లల్లా.
పైగా మాకు జనవరి అంటే వేసవి సెలవులు.
కేకు లేదు, పాట లేదు, తాళం వేసిన బడి.

హెసెల్టైన్ టీచరు అంది:
తేదీ వద్దు. మీరు పుట్టినప్పుడు
బయట ఏం జరుగుతోందో ఇంట్లో అడిగి రండి.

వచ్చాయి జవాబులు, మడతపెట్టిన చీటీల్లో,
ఒకటి మజ్జిగ మరకతో.
జొన్న కంకి పాలు పోసుకునే రోజులు.
క్యాంపులో పప్పు కొలత తగ్గించిన వారం.
మేక ఈనిన మర్నాడు. మేకకి కవలలు.
జుమాఖాన్ వాళ్ళమ్మ చెప్పింది: మోకాలి లోతు మంచు,
తలుపు తీయడానికి ముగ్గురు పట్టారు.

వాడికో చిక్కు వచ్చిపడింది.
అక్కడ మంచు కురిసే నెలలో
ఇక్కడ ఎండ మాడుస్తుంది.
"నేను నెలకి పుట్టానా, మంచుకి పుట్టానా?"
టీచరు దగ్గర జవాబు లేదు.
వాడే తేల్చుకున్నాడు, మంచుకేనని.
బెన్ లోమండ్ కొండ తెల్లబడ్డ ఒక జూలై పొద్దున
బూట్ల నిండా బురదతో కేకు కోశాడు.

ఫ్రే మెహ్ మాత్రం చీటీ తేలేదు.
అడగడానికి ఇంట్లో పిన్ని ఉంది.
పిన్నికి సరిహద్దు దాటిన రాత్రి తెలుసు,
అంతకు ముందువి తెలియవు.
ఏదో ఒక రోజు ఎంచుకోమ్మా,
పూలు పూసే నెలైతే బాగుంటుంది, అన్నాం
అందరం, మంచివాళ్ళం, చుట్టూ మూగి.
ఆ పిల్ల పెన్సిలు చెక్కుతూనే ఉంది
బొటనవేలంత మిగిలేదాకా.

శుక్రవారం నా కిటికీ దగ్గరికి వచ్చింది.
కౌంటరు దాని గడ్డానికి తగులుతుంది.
"నాది మార్చొద్దు," అంది.
ఎందుకని నేనడగలేదు.
అడగకూడనివి ఉంటాయని అప్పటికి నేర్చుకున్నాను, ఆలస్యంగా.
అదే చెప్పింది, ఇంగ్లీషు మాటల్ని
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకుంటూ:
రేకుల గది. పొడుగు లైను.
అమ్మ ఎత్తుకుంది, నా చెప్పు ఒకటి జారింది.
ఆఫీసరు జనవరి ఒకటి అన్నాడు.
అమ్మ సరే అంది.

అంతే. క్లాసుకి పరిగెత్తింది.

నేను పుట్టిన నిమిషం కూడా నాకు తెలుసు,
తెల్లవారుజాము నాలుగూ పన్నెండు,
ఆస్పత్రి కార్డు మీద నీలం సిరా.
మా అమ్మ ఏమందో మాత్రం
ఎక్కడా రాసి లేదు.

ఈ ఏడు ప్రిన్సిపాలుని అడిగి
సెలవుల్లో టొమాటో మళ్ళకి నీళ్ళు పెట్టే వంతు
నేను తీసుకున్నాను. తాళాలు నా సంచిలోనే ఉన్నాయి.
ఒకటో తారీఖు పొద్దున పదికి
దంబరీ గారు సెల్ రోటీ చేసి తెస్తానంది,
ఆవిడ పుట్టినరోజు కూడా కదా మరి.
ఫ్రే మెహ్ వస్తుందో రాదో.
పిన్నికి చేపల ఫ్యాక్టరీలో పండగలకీ పనే,
బస్సులు కూడా తక్కువ ఆ రోజు.

బెలూను ఊదడం నాకు చేతకాదు.
టొమాటోలకైతే నీళ్ళు కావాలి,
ఎవరొచ్చినా, రాకపోయినా.